పేరు తెలియకపోతే పైపు పట్టుకుని నడవండి

(వేట నిషేధం రోజుల్లో కళింగపట్నం దగ్గర ఒక తుపాను షెల్టరులో, పాత మోటారుబోట్లు కొన్న కుర్రాళ్ల కోసం ఒక బోటు మెకానిక్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం ఫోను రికార్డింగు విని రాశాం.)

అందరూ కూర్చున్నారా? వెనకవాళ్లు ముందుకి రండి తమ్ముళ్లూ. ఇవాళ చూపించేవన్నీ బొటనవేలంత సామాన్లు, అక్కణ్నుంచి మీకు నా పొట్ట తప్ప ఏమీ కనపడదు. మావా, ఆ బీడీ ఒక్కటి బయట ఆర్పేసి రండి. ఏమీ అనుకోకండి, ఈ గోనెసంచిలో పెట్రోలు వాసన ఇంకా పోలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మనకి వేట లేదు. వలలు బాగుచేసుకోవడం, ఇంజను విప్పుకోవడం, పాత బోటు బేరం చెయ్యడం అన్నీ ఈ రోజుల్లోనే. ఈ ఏడాది మన దగ్గర నలుగురైదుగురు పాత బోట్లు కొన్నారు. మనం వాడే ఫైబరు బోట్లు కావు, వేరే ఊళ్లలో షికారుకి తిప్పినవి. ఒకటి రెండు అమెరికాలో తయారైనవి కూడా ఉన్నాయి. మన బోటులో ఏముంటుంది? వెనక మోటారు, ఒక డబ్బా, రెండిటికీ మధ్య ఒక పైపు. చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఈ వచ్చినవాటిలో అడుగు పలక ఎత్తి చూస్తే, మొదటిసారి చేపని కోసినవాడికి పేగులు కనపడ్డట్టు ఉంటుంది. ఏది ఎక్కడ మొదలో, ఏది ఎక్కడ చివరో తెలియదు.

అప్పుడు నాకు ఫోను వస్తుంది. "అన్నా, ఒక సామాను ఉంది, అదేటో తెలీదు, పీకేయమంటావా?" రోజుకొకటి వస్తోంది ఇలాంటి ఫోను. అదేటో తెలీదు అన్నవాడు, ఆ వెంటనే పీకేయమంటావా అని ఎలా అడుగుతాడు? తెలిసినదాన్ని పీకు, కాదనను. తెలియనిదాన్ని ఎలా పీకుతావు? ఇప్పుడే, ఇక్కడికి వస్తుంటే, ఒక తమ్ముడు అలా పీకిన ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని సంగతి చివర్లో చెబుతాను.

నవ్వకండి. నేనూ ఆ తానులో ముక్కనే. నేను పీకలేదు, మూసేశాను. నాకింకా మీసం సరిగా రాని రోజులు. ఒక పాత బోటు మా షెడ్డుకి వచ్చింది. బోటు పక్కగోడకి, అంచుకి జానెడు కింద, రూపాయి బిళ్లంత స్టీలు ముక్క. దానికి సన్నటి చీలికలు. లోపల్నుంచి వేలంత లావు పైపు వచ్చి దానికి తగులుకుంది. అల కొట్టినప్పుడు దీంట్లోంచి నీళ్లు లోపలికి పోతాయేమో అనిపించింది. అనిపించింది, అంతే. ఎవర్నీ అడగలేదు. ఎం-సీల్ పిసికి నున్నగా మూసేశాను. ఓనరు మెచ్చుకున్నాడు కూడా. మర్నాడు వాళ్లు వేటకి పోతుంటే నేనూ ఎక్కాను. చేసిన పని చూసుకోవాలి కదా!

ఒడ్డు కనపడనంత దూరం పోయాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ప్లగ్గులు తీశాం, తుడిచాం, పెట్టాం. కార్బొరేటరు గిన్నె విప్పితే ఎండిపోయి ఉంది. ట్యాంకులో చూస్తే సగానికి పైన పెట్రోలు. ఉన్న పెట్రోలు రాదేటి? గంటసేపు అలల మీద ఊగుతూ ఒకరినొకరు తిట్టుకున్నాం. ఆఖరికి ఎవరో విసుగొచ్చి పెట్రోలు పోసే మూత తిప్పారు. బుస్సుమని పాము బుసకొట్టినట్టు గాలి లోపలికి పోయింది. కాసేపట్లో ఇంజను లేచింది. మూత వదులుగా పెట్టుకుని ఒడ్డుకి వచ్చాం. ఓనరు మళ్లీ మెచ్చుకోలేదు.

నేను మూసింది ఏటి? ట్యాంకు ఊపిరి తీసుకునే బొక్క. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు లోపల్నుంచి పట్టుకుంటుంది, ఒక్క చుక్క వదలదు. మీ డబ్బా మూత మీద చిన్న స్క్రూ ఉంటుంది చూడండి, నడిపేటప్పుడు వదులు చేస్తారు, మోసేటప్పుడు బిగిస్తారు. అదీ ఇదీ ఒకటే. ఈ బోట్లలో ట్యాంకు అడుగున పాతేసి ఉంటుంది కాబట్టి, ఆ ఊపిరిని పైపుతో తెచ్చి పక్కగోడకి పెట్టారు. మూతి కందిరీగ మట్టిగూడుతో మూసుకున్నా, పైపు ఎక్కడో కిందికి వేలాడి అందులో పెట్రోలు నిలిచినా, ఇదే గొడవ. బంకులో పెట్రోలు పోస్తుంటే ఎదురు తన్ని మీ చొక్కా తడుస్తోందా? ముందు ఆ పైపు చూడండి.

అప్పట్నుంచి నేను సామాను పేరు అడగడం మానేశాను. పైపు పట్టుకుని నడుస్తాను. ఒక చివర పట్టుకుని రెండో చివర దొరికేదాకా చేత్తో తడుముతూ పోవాలి. కళ్లతో కాదు, చేత్తో. అడుగు పలక కింద రెండు నల్ల పైపులు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కన్ను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకేస్తుంది, చెయ్యి దూకదు. అలా పోతూ మూడు సంగతులు అడగాలి. లోపల పారేది ఏటి: పెట్రోలా, సముద్రం నీళ్లా, మంచినీళ్లా, ఒట్టి గాలా? ఎటు నుంచి ఎటు పారుతోంది? ఈ సామాను ఇక్కడ లేకపోతే ఏమవుతుంది? మొదటి రెండూ అందరూ అడుగుతారు. మూడోది ఎవడూ అడగడు.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ తీసెయ్యండి. అగ్గిపుల్ల వద్దు, లైటరు వద్దు. బైకుకి పెట్రోలు కారితే రోడ్డు మీద పడి ఆరిపోతుంది. బోటు అలా కాదు, బోటంటే గిన్నె. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నీళ్లలాగే అడుగుకి దిగి అక్కడే కూర్చుంటుంది. ఇంజను లోపలుండే పెట్రోలు బోట్లలో, చేతివెడల్పు మడతల గొట్టం ఒకటి అడుగుదాకా పోయి, దాని పైచివర ఒక ఫ్యాను ఉంటుంది. ఆ ఆవిరిని బయటికి తోసేది అదే. ఇంజను వేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు అది తిప్పాలి. నిన్న ఒకడు అడిగాడు, "అన్నా, ఈ ఏసీ పని చెయ్యట్లేదు" అని. ఏసీ!

సరే, సంచి విప్పుదాం. ఇది మీకు తెలుసు, చేత్తో నొక్కే రబ్బరు బంతి. దీని మీద బాణం గుర్తుంటుంది, ఆ బాణం ఇంజను వైపు చూడాలి. తిప్పి పెడితే ఎంత నొక్కినా పెట్రోలు రాదు. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేట్టు నిలువుగా పట్టుకుంటే తొందరగా గట్టిపడుతుంది.

ఇది చూడండి. ఏటిది? ఎవరైనా చెప్పండి. ఆయిల్ ఫిల్టరా? అదే అంటారని తెలుసు, అచ్చం కారు ఆయిల్ ఫిల్టరులాగే ఉంది. కానీ పైపు పట్టుకుని నడిస్తే ఒకవైపు ట్యాంకు, ఇంకోవైపు ఇంజను వస్తాయి. మధ్యలో ఆయిల్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఇది పెట్రోల్లో నీళ్లు వేరుచేసే ఫిల్టరు. దీని తలకాయకి నాలుగు బొక్కలుంటాయి. రెండిటికి పైపులు, రెండిటికి బిరడాలు. ఎవరి బోటుకి ఎటు వీలైతే అటు పైపు తగిలించుకోవడానికి అలా చేశారు. కాబట్టి బిరడాలు చూసి "ఇక్కడేదో ఊడిపోయింది" అని బజారుకి పరిగెత్తకండి. లోపలికి, బయటికి అని తలకాయ మీదే పోతపోసి ఉంటుంది, అది మాత్రం తప్పకూడదు.

దీన్ని తీసేసి నేరుగా పైపు కలిపేస్తే ఇంజను నడవదా? నడుస్తుంది. కొన్నాళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ-20 పెట్రోలు, అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. ఉప్పుగాలిలో, సగం ఖాళీ ట్యాంకుతో, రెండు నెలల వేట నిషేధం అంతా బోటు అలా పడి ఉంటే ఆ చెమ్మంతా పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. ట్యాంకులోంచి లాగే గొట్టం ఎక్కడుంటుంది? అడుగునే కదా. జూన్ 15 పొద్దున్న అందరికంటే ముందు బయల్దేరుదామనుకున్నవాడి ఇంజనుకి మొదటి గుక్క అదే. పాత పైపులతో ఇంకో చిక్కుంది. ఇథనాల్ రాకముందు చేసిన రబ్బరు లోపల్నుంచి మెత్తబడి నల్లగా రాలుతుంది. ఫిల్టరు విప్పితే కాటుకలాంటి నలుసులు కనపడ్డాయా, ఫిల్టరు మార్చి ఊరుకోకండి, పైపు మార్చండి.

పైపు మీద అక్షరాలు కూడా చదవండి, ఎవరూ చదవరు. పెట్రోలు కోసం చేసిన బోటు పైపు మీద ఏ1 అనో, బి1 అనో, ఏ2, బి2 అనో అచ్చేసి ఉంటుంది. ఏ అంటే మంటలో రెండున్నర నిమిషాలు తట్టుకునేది, బి అంటే ఆ పరీక్ష లేనిది. 1 అంటే ఎప్పుడూ పెట్రోలు నిండి ఉండే చోటుకి, 2 అంటే పెట్రోలు పోసే పైపుకి, గాలిపైపుకి. యూరప్ పద్ధతిలో చేసినదైతే ఐ.ఎస్.ఓ. 7840 అని ఉంటుంది, మంట తట్టుకునేది అదే. తయారైన సంవత్సరం కూడా చాలావాటి మీద ఉంటుంది. ఏ అక్షరమూ లేని తెల్లటి ప్లాస్టిక్ పైపు పెట్రోలుకి తగిలించి ఉందంటే, మీకు ముందు ఎవడో మనలాంటివాడు ఆ బోటు మీద చెయ్యి వేశాడని అర్థం. అది నీళ్ల పైపు. పెట్రోలుకి గట్టిపడి, క్లిప్పు దగ్గర పగులుతుంది.

ఇప్పుడు ఈ చిన్నది. అందరూ చేతులు మార్చుకుంటూ చూడండి, పారేయకండి. చూడ్డానికి ఏటి? ఇత్తడి నిపుల్. ట్యాంకు పైన బిగించి ఉంటుంది, దానికి పైపు తొడుగుతారు. వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి లోపలికి చూడండి. అవతలి వెలుగు కనపడిందా? కనపడలేదు. లోపల చిన్న గుండు, దాని వెనక స్ప్రింగు. ఇక్కడ మన చాలామంది చేసేది ఏటంటే, "అన్నా, నిపుల్లో ఏదో అడ్డం పడింది, మేకు పెట్టి కొట్టేశాను, ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తోంది పెట్రోలు" అంటారు. బ్రహ్మాండంగానే వస్తుంది.

ఇక్కడ డ్రమ్ములోంచి డీజిలు నోటితో లాగనివాడు ఎవడైనా ఉన్నాడా? చెయ్యెత్తండి. ఒక్కడూ లేడు. పైపు డ్రమ్ములో పెట్టి, ఒక గుక్క లాగి, ఉమ్మేసి, చివర కింద డబ్బాలో పెడితే ఏమవుతుంది? ఇంక మీరు లాగక్కర్లేదు. డ్రమ్ములో డీజిలు మట్టం కంటే పైపు చివర కిందుంది కాబట్టి దానంతట అదే కారిపోతూనే ఉంటుంది. ఇప్పుడు బోటు చూడండి. ట్యాంకులో పెట్రోలు మట్టం ఇక్కడ, ఇంజనుకి పోయే పైపు దానికంటే కింద నుంచి పోతోంది. మధ్యలో ఎక్కడో ఎలుక కొరికింది, లేదా క్లిప్పు వదిలింది. మీరు ఇంటికెళ్లి పడుకున్నారు. పంపు తిరగట్లేదు, ఎవరూ లాగట్లేదు. అయినా ట్యాంకు ట్యాంకంతా బోటు అడుగుకి కారిపోతుంది. పొద్దున్నే వచ్చి తాళంచెవి తిప్పుతారు. తర్వాత సంగతి నేను చెప్పక్కర్లేదు.

అలా జరగకుండా ఆపేదే ఆ గుండు. పంపు లాగితేనే స్ప్రింగు జరిగి దారి ఇస్తుంది, ఒట్టినే కారడానికి ఒప్పుకోదు. నిజమే, ఇది మూసుకుపోతుంది కూడా. తుప్పు పట్టి గుండు కదలకపోతే ఇంజనుకి పెట్రోలు చాలదు, మెల్లగా నడిపితే నడుస్తుంది, జోరు పెంచితే చచ్చిపోతుంది. అప్పుడు విప్పి శుభ్రం చెయ్యండి, లేదా అలాంటిదే ఇంకోటి బిగించండి. మేకు మాత్రం పెట్టకండి. ట్యాంకు మీద రెండు నిపుల్స్ ఉండి, ఒకదాంట్లో గుండు ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, కొలత ఒకటే కదా అని అటుదిటు మార్చకండి. డీజిలు బోటైతే రెండో పైపు ఇంజను వాడగా మిగిలిన డీజిలు వెనక్కి తెచ్చేది, దానికి గుండు అడ్డం రాకూడదు.

ట్యాంకు మీద ఇంకొకటి ఉంటుంది, అరచేతంత గుండ్రటి మూత, అయిదు స్క్రూలు. అందులోంచి తేలే బెండు, దానికి రెండు తీగలు. పెట్రోలు ఎంతుందో చెప్పే ముల్లుకి సమాచారం ఇచ్చేది ఇదే. ఆ అయిదు బొక్కల్లో ఒకటి కావాలనే కాస్త పక్కకి వేశారు. ఒక్క తీరులోనే కూర్చుంటుంది, కూర్చోకపోతే తిప్పి చూడండి గాని కొత్త బొక్క పొడవకండి. ఇందులో అసలు మోసం వేరే ఉంది. అమెరికా రకం ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు (కరెంటుకి ఎంత అడ్డమో చెప్పే కొలత), నిండితే 33 చూపిస్తుంది. యూరప్ రకం ఖాళీకి 10, నిండితే 180. ఒకదాని బెండు, ఇంకోదాని ముల్లు కలిపారనుకోండి. అమెరికా ముల్లుకి యూరప్ బెండు పెడితే, ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముల్లు నిండుగా ఉందని చూపిస్తుంది! పాత బోటు కొన్నాక మీటరు పెట్టి ఓములు కొలుచుకోండి. మీటరు లేకపోతే శుభ్రమైన వెదురుపుల్ల దించి చూసుకోండి, మన తాతలది అదే మీటరు. ఆ పక్కనే ఆకుపచ్చ తీగ ఒకటి పెట్రోలు పోసే మూత నుంచి ట్యాంకుకి, అక్కణ్నుంచి నేలతీగకి పోతుంది. దానికి ఏ దీపమూ వెలగదు, ఏ ఫ్యానూ తిరగదు, అందుకని కోసేస్తారు. పెట్రోలు పోసేటప్పుడు పుట్టే కరెంటు రవ్వ కాకుండా దిగిపోవడానికి అది ఉండాలి.

పోసే మూత అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఆ బోట్ల అంచు మీద మూతలు రెండు మూడు ఉంటాయి. ఒకటి పెట్రోలుకి, ఒకటి మంచినీళ్లకి, మరుగుదొడ్డి ఉన్న బోటైతే దానికీ ఒకటి. అమెరికా బోటులో పెట్రోలు మూత మీద గ్యాస్ అని రాసుంటుంది. వాళ్లు పెట్రోలుని గ్యాస్ అంటారు, సిలిండరు కాదు. అక్షరాలు అరిగిపోతే చేత్తో కింద పైపు పట్టుకుని ఏ ట్యాంకుకి పోతోందో చూడాల్సిందే. మూత లేకుండా ఏటవాలుగా దిగిన స్టీలు గొట్టాలు ఇంకా ఉంటాయి. అవి గాలంకర్ర గుచ్చుకోవడానికి. వాటిలో పెట్రోలు పోసినవాళ్లున్నారు. కొన్నిటికి అడుగు ఉండదు, నేరుగా బోటు పొట్టలోకి పోతుంది.

నీళ్ల సంగతికి వద్దాం. ఇది త్వరగా అయిపోతుంది, మీకు నీళ్లు తెలుసు. ఇంజనుని చల్లార్చే సముద్రం నీళ్లు రావడానికి బోటు అడుగున బొక్క, దానికి వాల్వు. పిడి పైపు దారిలోనే ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పైపు ఊడదీసే ముందు అది అడ్డంగా తిప్పండి. బోటు ఒడ్డున ఉన్నప్పుడు ఎలాగూ ఏమీ రాదు, అందుకే మర్చిపోయి అలాగే నీళ్లలోకి దించేస్తారు. పాత బోటులో ఎవడో ఇంటి కుళాయి వాల్వు తెచ్చి బిగించి ఉండొచ్చు. చాకుతో గీకి చూడండి. పసుపుపచ్చగా మెరిస్తే సరే. గులాబీ రంగు తిరిగి పొడిలా రాలితే, ఇత్తడిలోని జింకుని ఉప్పునీళ్లు తినేశాయి, రాగి డొల్ల మిగిలింది. తన్నితే విరుగుతుంది. అది రేపటి పని కాదు, ఇవాళ్టి పని.

ఇంజను బోటు లోపలే ఉండే రకాల్లో నీళ్ల పైపు ఉన్నట్టుండి పైకెక్కి, తలకిందులు చేసిన యు ఆకారంలో వంగి, మళ్లీ దిగుతుంది. వంపు నెత్తిన చిన్న బుడిపె. "ఇంత చుట్టు ఎందుకు, రెండు మూరల పైపు మిగులుతుంది కదా" అని కోసి నేరుగా కలిపేశాడు ఒక తమ్ముడు. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు. డ్రమ్ము డీజిలు గుర్తుందా? ఇక్కడ డ్రమ్ము సముద్రం. ఆ వంపు నీటిమట్టం కంటే పైన ఉండి, ఆ బుడిపె కాస్త గాలి పీల్చి ఆ లాగుడుని తెంపుతుంది. లేకపోతే ఇంజను ఆపాక కూడా సముద్రం మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది.

వెనక తగిలించే మోటార్లకి సన్నటి పైపులు కొన్ని ఉంటాయి, పెట్రోలు పైపులనుకుని కంగారు పడతారు. మోటారు వెనక సన్నగా నీళ్లు చిమ్మేది చల్లదనం బాగుందని చెప్పే గుర్తు. మూతతో వేలాడే పైపు చివర, మంచినీళ్లతో లోపల కడగడానికి. నీళ్లలో మునిగే మోటారు కాలు ముందంచున సూదిబెజ్జం నుంచి పైకి పోయే సన్నటి గొట్టం, నీటి ఒత్తిడితో వేగం చూపించే ముల్లుకి. విడిగా ఆయిల్ ట్యాంకు ఉన్న టూ-స్ట్రోక్ మోటారైతే మాత్రం జాగ్రత్త, ఆ డబ్బాలో పెట్రోలు పోశారంటే ఇంజను పట్టేస్తుంది.

ఏటి మావా? గట్టిగా అడగండి. ఇవన్నీ పీకేసి మన డబ్బా ఒకటి పెట్టుకుంటే పోలేదా అంటున్నారు. మావ చెప్పింది తప్పు కాదు. పాతేసిన ట్యాంకు తుప్పు పట్టి ఉంటే నేనే అదే చెబుతాను. కానీ పీకితే పూర్తిగా పీకండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు తోడండి, ట్యాంకు బయటికి తియ్యండి, అంచు మీద పోసే మూత కూడా తీసి ఆ చోటు మూసెయ్యండి. మూత అక్కడే ఉంటే ఎప్పుడో ఒకరోజు మీ తమ్ముడో, బంకు కుర్రాడో దాంట్లో పెట్రోలు పోస్తాడు. కింద ట్యాంకు ఉండదు.

ఇంక ఈ తమ్ముడు తెచ్చిన ముక్క. నల్ల ప్లాస్టిక్, మూడు మూతులు, ఒకదాంట్లో లోపల ఏదో రేకు కదులుతోంది. నీళ్లు వెనక్కి రాకుండా ఆపేదా? రెండు ట్యాంకులకి పెట్టినదా? వాసన చూశాను, వాసన లేదు. మూడు వైపులా పైపులు కత్తితో కోసేశావు కదా బాబూ, అవి ఎటు పోతున్నాయో నాకెలా తెలుస్తుంది? ఆ కోసిన మొండాలు బోటులోనే ఉన్నాయా? ఉన్నాయంటే పదండి, ఇప్పుడే చూద్దాం. ఎండ దిగిపోయింది, పలక కింద చీకటిగా ఉంటుంది. టార్చి ఎవరి దగ్గరుంది?